అచ్చొచ్చిన కారు

మా కారుకి మా వీధిలో ఒక పేరుంది. అచ్చొచ్చిన కారు. నా ఎదురుగా ఎవరైనా ఆ మాట అన్నారంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అన్నవాళ్ళ మీద కాదు, నా మీద. పళ్ళు బిగబట్టి ఓ నవ్వు నవ్వి లోపలికి వచ్చేస్తాను. వచ్చి వంటింట్లో గిన్నెల మీద నా ప్రతాపం చూపిస్తాను. ఆ చప్పుడుకి అర్థమేమిటో మా ఆయనకి తెలుసు. పేపరు మడిచి మెల్లగా పెరట్లోకి జారుకుంటారు.

కారు కొనాలన్న పట్టుదల నాదే. మాది బొబ్బిలి దగ్గర పల్లె. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. బడికి రానూ పోనూ గతుకుల దారి. అంతకుముందు మాకో చిన్న కారుండేది. దాంట్లో వెళ్ళి దిగేసరికి నడుము పట్టేసి, పాఠం చెప్పడం మానేసి పిల్లల మీద కేకలేసేదాన్ని. అలాంటప్పుడు విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు తన పెద్ద కారు అమ్మేస్తున్నారని తెలిసింది. ఊరంతా ఎత్తు బళ్ళ వెంట పడుతున్న రోజులు. డిక్కీ ఉన్న ఈ పొడుగు బళ్ళని అడిగే నాథుడు లేడు. మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఇది మన వీధిలో ఎలా తిప్పుతావే?" అన్నారు. ఆయన స్టీరింగు ముట్టుకోరు. పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకుంటారు. కళ్ళు మూసుకునే మనిషి మాట కారు విషయంలో నేనెందుకు వినాలి? వినలేదు.

ఉన్నమాట చెప్పుకోవాలి. అంత సుఖమైన బండి నేను మళ్ళీ చూడలేదు. వెనక సీట్లో ముగ్గురు భారీ మనుషులు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. గోతిలో దిగిన సంగతి చెవికి తెలియాలే తప్ప నడుముకి తెలియదు. ఇంజను నడుస్తోందో ఆగిందో మీటరు చూసి తెలుసుకోవాలి. ఉన్న లోటల్లా ఒక్కటే, పొట్ట మరీ కిందకి ఉంటుంది. మా పంచాయతీ వాళ్ళు ఎవరి మీద కోపంతో కట్టారో గాని, స్పీడు బ్రేకర్లు అరుగుల్లా కట్టారు. ఎక్కిన ప్రతిసారీ కింద గీసుకుంటుంది, నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఇక ఆగిపోవడం అంటారా, ఇన్నేళ్ళలో ఒక్కనాడు నడిరోడ్డు మీద ఆగిన పాపాన పోలేదు. ఆయిలు మార్పించడానికి బొబ్బిలి తీసుకెళ్తే మెకానిక్కు, "అందరూ ఇలాటి బళ్ళే కొంటే మేం కొట్టు కట్టీసుకోవాలమ్మా" అని దెప్పేవాడు. నేను మురిసిపోయేదాన్ని.

నాకు డ్రైవింగు నేర్పింది మా ఎదురింటి బాబాయి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మాకు చుట్టరికం ఏమీ లేదు, కులాలు కూడా వేరు. వీధి వరసలో ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. కొత్తగా నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చుని ఆయన పెట్టిన చీవాట్లకి నేను రెండుసార్లు ఏడ్చాను. "బ్రేకు అలాగ తొక్కుతారేటమ్మా? ఎనకాల నిలబడ్డ ముసిలమ్మ ముందుకొచ్చి పడిపోదేటి?" అనేవాడు. చిన్న కారులో నిలబడే ముసలమ్మ ఎక్కడుంటుంది? అయినా ఆయన లెక్క ప్రకారం ప్రతి బండిలోనూ ఒక ముసలమ్మ నిలబడి ఉంటుంది. ఆవిడ పడకూడదు.

పెద్ద కారు చూసి బాబాయి పెదవి విరిచాడు. "ఇది కారేటమ్మా, పడవ" అన్నాడు. దానికి గేర్లు వాటంతటవే మారిపోతాయంటే మరీ చిన్నచూపు. "ఎడం కాలికి పని నేకపోతే అదేటి డ్రైవింగు? పడక్కుర్సీలో కూకున్నట్టు." అంటూనే ఎక్కడికి బయల్దేరినా ముందు తనే వచ్చి వెనక సీట్లో ఎడంవైపు కూర్చునేవాడు. కూర్చున్న దగ్గర్నుంచి దిగేదాకా నా డ్రైవింగుకి వంకలే. మలుపు దగ్గర ముందే హారను కొట్టలేదని ఒకటి, ఆటోకి దారివ్వలేదని ఒకటి. నేనూ ఊరుకునే రకాన్ని కాను. "టికెట్టు తీయకుండా ఎక్కినవాళ్ళు మాట్లాడకూడదు బాబాయీ" అనేదాన్ని. పిన్ని ఆయన పక్కన కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

కారుకి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. పైవీధిలో ఒక పెళ్ళయితే పెళ్ళికూతుర్ని అత్తారింట్లో దింపడానికి మా కారు అడిగారు. దింపాను. ఏడాది తిరక్కుండా ఆ పిల్లకి పండంటి కొడుకు పుట్టాడు. తరవాత దింపిన అమ్మాయి మొగుడికి ఉద్యోగం ఖాయమైంది. ఇక చూస్కోండి, వీధిలో ఏ పెళ్ళి కుదిరినా శుభలేఖ కంటే ముందు మా కారు కుదరాలి. నేను బళ్ళో పిల్లలకి మూఢనమ్మకాల మీద పాఠం చెప్పే మనిషిని. "నా మొహం, కారు అచ్చిరావడమేమిటి?" అని పైకి కొట్టిపారేసేదాన్ని. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని. బంతిపూల దండలు కట్టిన కారు నడుపుతూ వీధిలోంచి వెళ్తుంటే జనం పక్కకి తప్పుకునేవారు. ఆ గొప్ప నాకు నచ్చింది. ఎందుకు అబద్ధం?

రెండేళ్ళ కిందట, వేసవిలో, బాబాయికి గుండె జబ్బు ముదిరింది. విజయనగరంలో ఆసుపత్రిలో పెట్టారు. కొన్నాళ్ళకి డాక్టర్లు, ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి అన్నారు. అంబులెన్సు మాట ఎత్తితే బాబాయి గింజుకున్నాడు. "ఆ కూత నాకొద్దు. నా ఇంటికి నాను తిన్నగా ఎళ్తాను. పంతులమ్మ కారు తెమ్మను" అన్నాడు.

ఆదివారం పొద్దున్న వెళ్ళాను. వెనక సీట్లో ఎడంవైపు, ఆయన ఎప్పుడూ కూర్చునే చోటే, దిళ్ళు సర్ది కూర్చోబెట్టాం. పిన్ని పక్కన కూర్చుని ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. నేను స్టీరింగు ముందు కూర్చోగానే వెనకనుంచి నీరసంగా, "అద్దం సరిసూసుకున్నావా?" అన్నాడు. "చూసుకున్నాను లే బాబాయీ" అన్నాను.

కోట దగ్గర ఆటోల మధ్యనుంచి నెమ్మదిగా బయటపడ్డాం. గజపతినగరం రోడ్డెక్కాక నా ధ్యాసంతా ఒక్కదాని మీదే. ఈయన ఇవాళ వంక పెట్టకూడదు. బ్రేకు తొక్కితే తెలియకూడదు, మలుపు తిరిగితే తెలియకూడదు. దారిలో మేకల మంద అడ్డం వచ్చింది. అంత వేగంలోనూ ఎంత మెత్తగా ఆపానంటే సీటు మీదున్న మంచినీళ్ళ సీసా కూడా కదల్లేదు. వెనకనుంచి ఒక్క మాట లేదు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చేసింది. "ఏం బాబాయీ, ఇవాళ వంక దొరకలేదేటి?" అని నవ్వాను.

"పడుకున్నారమ్మా" అంది పిన్ని.

ఆ నవ్వు ఉంది చూశారూ, అది నన్ను ఇప్పటికీ బతకనివ్వదు. మనిషి ప్రాణం పోతుంటే నేను మెప్పు కోసం నవ్వాను. మొరటు బండి అయ్యుంటే, గోతులకి ఎగిరిపడే బండి అయ్యుంటే, ఆయన ఒంటి కదలికలో తేడా మాకు ముందే తెలిసేదేమో. ఆపి, పక్కనున్న ఊళ్ళో ఎవరైనా డాక్టరుకి చూపించేవాళ్ళమేమో. చూపిస్తే ఏమయ్యేది అంటే, ఏమీ అయ్యేది కాదు. తెలుసు. తెలిసినా ఊరట లేదు.

ఇంకాస్త దూరం వెళ్ళాక పిన్ని, "అమ్మా, కారు ఆపకు" అంది.

ఆపమనడం ఎన్నోసార్లు విన్నాను గాని, ఆపకు అనడం ఎప్పుడూ వినలేదు. అద్దంలో చూశాను. బాబాయి తల ఆమె భుజం మీదే ఉంది. ఆమె అరచెయ్యి ఆయన కళ్ళ మీద ఉంది. రెప్పలు మూస్తోంది. కాలు బ్రేకు మీదకి పోయింది.

"ఆపకన్నానా!" అంది పిన్ని. ఆమె నన్ను గద్దించడం అదే మొదలు. "పోనీ. తిన్నగా ఇంటికి పోనీ. బతికే వచ్చినారని సెప్పాల నువ్వు."

మా వైపు ఒక పట్టింపుంది. బయట పోయిన మనిషిని ఊళ్ళోకి తేరు, గుమ్మం దాటించరు. ఊరి మొదట్లో రోడ్డు పక్కన గుడ్డ పందిరేసి పడుకోబెడతారు. చూసేవాళ్ళు అక్కడికే వచ్చి చూస్తారు. అక్కణ్ణుంచి అటే.

"బతుకంతా రోడ్డు మీదే ఉన్నారమ్మా" అంది పిన్ని. ఏడవడం లేదు. గొంతు గట్టిగా ఉంది. "సచ్చినాక కూడా రోడ్డు మీదే ఎట్టేస్తారు. ఎండలోన. ఒక్క పూట ఇంట్లోన పడుకోబెడతాను. సెప్తావు గదా?"

"చెప్తాను పిన్నీ" అన్నాను. ఒట్టు వేసినట్టే అన్నాను.

చెప్పడమే కాదు, అడిగినదానికంటే ఎక్కువ చేశాను. వీధిలో కారు ఆపగానే జనం మూగారు. నేను తలుపు తీసుకుని దూకి, "మంచినీళ్ళు తెండి! బాబాయికి నోరెండిపోతంది!" అని అరిచాను. ఇరవై ఏళ్ళుగా క్లాసురూముల్లో అరిచిన గొంతు నాది. అందరూ నీళ్ళ కోసం పరిగెత్తారు. మా ఆయన బాబాయి భుజాలు పట్టుకున్నారు, మా పక్కింటి అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాడు. లోపల మంచం మీద పడుకోబెట్టాక పిన్ని గ్లాసు ఆయన పెదవుల దగ్గర పెట్టింది. కాసేపు పక్కన కూర్చుంది. అప్పుడు గొంతెత్తి ఏడ్చింది.

"అదృష్టమంటే ఈయనదే. ఇంటికొచ్చి మరీ పోనాడు" అన్నారు వచ్చినవాళ్ళు. "అచ్చొచ్చిన కారు గదా, ఊపిరి నిలబెట్టి తెచ్చింది" అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. చావు కూడా నా కారుకి పేరే తెచ్చింది.

ఆ అబద్ధానికి నేను పశ్చాత్తాపపడను. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ అలాగే అరుస్తాను. నా తప్పు అక్కడ లేదు. ఆ వారంలో జరిగినదాంట్లో ఉంది.

ఆ వారంలోనే పక్కింటి అన్నయ్య కూతురి పెళ్ళి. ఆ పిల్ల నా దగ్గరే చదువుకుంది. సోషల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే, నోరు తెరిస్తే మాత్రం నవ్వు. పెళ్ళి కుదిరిన రోజే వాళ్ళమ్మ, అంటే మా వదిన, నా కారు మాట్లాడేసుకుంది. ఇప్పుడు చూస్తే ఆ కారులో ఒక మనిషి పోయాడు. శవం ఎక్కిన బండిని పెళ్ళికి కట్టరు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ పిన్నీ.

నా మటుకు నాకు పట్టింపు లేదు. నా కూతురే అయితే ఆ సీట్లోనే కూర్చోబెట్టి నవ్వుతూ పంపేదాన్ని. కాని ఆ పిల్ల నా కూతురు కాదు. వాళ్ళకి నమ్మకం ఉంది. వాళ్ళ నమ్మకం మీద, వాళ్ళకి చెప్పకుండా, నేను తీర్మానం చేసెయ్యడమేమిటి? చెప్తే పిన్ని బండారం బయటపడుతుంది. చెప్పకపోతే పెళ్ళివారిని మోసం చేసినట్టు. రెండు రోజులు తిండి సహించలేదు. చివరికి ఒక ఉపాయం తోచింది. కారు పాడైందని చెప్పేస్తే సరి!

వదిన దగ్గరికి వెళ్ళి, "కారు స్టార్టవడం లేదు వదినా, ఇంకో బండి చూసుకోండి" అన్నాను.

వదిన పడీ పడీ నవ్వింది. "మీ కారా? స్టార్టవట్లేదా? ఇంకేటైనా సెప్పండి వదినా!"

అన్నయ్య ఆ మాట విని తనే వచ్చాడు. నేను వద్దు వద్దంటున్నా తాళాలు తీసుకుని కూర్చుని బొత్తాం నొక్కాడు. నొక్కీ నొక్కకుండానే స్టార్టయి కూర్చుంది, దరిద్రపుది. పదేళ్ళ బండి, ఒక్కసారి, ఒక్క పూట నా మాట నిలబెట్టొచ్చు కదా? అన్నయ్య నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. "బానే ఉన్నాది గదమ్మా" అని తాళాలు చేతిలో పెట్టి, పూలు తేవడానికి వెళ్ళిపోయాడు.

వెనక సీటు రెండుసార్లు కడిగాను. కొత్త కవరు తొడిగాను. అప్పగింతలయ్యాక పెళ్ళికూతుర్ని తీసుకొస్తుంటే కుడివైపు తలుపు తీసి, "ఇటు కూచో అమ్మడూ, చల్లగాలి బాగా తగుల్తుంది" అన్నాను. ఓ పెద్దావిడ అడ్డొచ్చింది. "అదేటి పంతులమ్మా, పెళ్ళికూతురు ఎడంపక్కన కూకోవాలని తెలీదేటి నీకు?" తీసిన తలుపు మూసేశాను. పిల్ల ఎడంవైపే ఎక్కింది. ఏడ్చి అలిసిపోయి, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

మా ఇరుకు వీధిలో ఈ కారుని తిప్పడానికి చోటు చాలదు. రోడ్డెక్కాలంటే పిన్ని గుమ్మం దాకా వెనక్కి వచ్చి, అక్కణ్ణుంచి ముందుకి పోవాలి. అందుకని పెళ్ళికూతురు కారెక్కింది సరిగ్గా పిన్ని తలుపు ఎదురుగానే. ఆ తలుపు సగం తెరుచుకుంది. పిన్ని నిలబడింది. పదకొండో రోజు కూడా కాలేదు. ఆమె చూసింది పెళ్ళికూతుర్ని కాదు. మొగుడు ఆఖరిసారి కూర్చున్న సీటుని చూసింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. మిగతా వీధంతా చూసింది వేరు.

పెళ్ళయిన ఏడాదికి ఆ పిల్ల నెల తప్పింది. నాలుగో నెలలో కడుపు నిలవలేదు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి వదిన వాకిట్లో కూలబడి ఉంది, చుట్టూ ఆడవాళ్ళు.

"ముహూర్తంలో లోపం నేదు, పెట్టుపోతల్లో లోపం నేదు. కారు కూడా అచ్చొచ్చిన కారే ఎక్కించినాను" అంటోంది వదిన. "ఇంకేటి? ఆ ఎదుటిల్లే. మొగుడు పోయి వారం తిరక్కుండా తలుపు తీసుకుని నించున్నాది. నా బిడ్డ మీద ఆ సూపు పడిపోనాది."

ఒక్క మాట చాలు. ఆవిడ చూపు కాదు వదినా, ఏదైనా ఉంటే నా కారులో ఉంది, అనాలి. నోటిదాకా వచ్చింది. నోరెక్కువని ఊరంతా చెప్పుకునే దాన్ని, కిమ్మనకుండా నిలబడ్డాను. చెప్తే, బయట పోయినవాణ్ణి ఊళ్ళోకి తెచ్చిందని పిన్ని మీద ఇంకోటి పడుతుందని భయపడ్డాను. అది నిజమే. కాని అదొక్కటే కాదు. నా కారు పేరు పోతుందని కూడా భయపడ్డాను. ఆ రెండో భయం ఉందని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ రోజునుంచి పిన్నిని వీధి వదిలేసింది. పేరంటానికి ఎలాగూ పిలవరు, ఇప్పుడు పలకరింపులు కూడా పోయాయి. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు కాసేపు ఆగి వస్తారు. బళ్ళోంచి వచ్చే పిల్లలు ఆమె అరుగు మీద కూర్చుని మరమరాలు తినేవారు. వాళ్ళ అమ్మలు మాన్పించేశారు. పిల్లల్లేని మనిషికి ఆ పూట సందడే ఆధారం. నేను రోజూ వెళ్ళి కూర్చునేదాన్ని. కూరలు పట్టుకెళ్ళేదాన్ని. నేను ఎంత పెట్టినా అది లంచం పెట్టినట్టే అనిపించేది నాకు.

ఒకరోజు బొబ్బిలినుంచి వస్తుంటే బస్సు కోసం నిలబడ్డ అన్నయ్య కనిపించాడు. ఎక్కించుకున్నాను. ఇద్దరమే ఉన్నాం కదా అని, "అన్నయ్యా, వదిన పిన్నిని అలా అంటుంటే నువ్వైనా ఆపొచ్చు కదా. పాపం, ఆవిడేం చేసింది?" అన్నాను.

అన్నయ్య కిటికీ అద్దం పైకెత్తాడు. అప్పుడు, "ఆ పొద్దు కాళ్ళు నాను పట్టుకున్నాను గదమ్మా" అన్నాడు. "సల్లగా ఉన్నాయి. సేతికి తెలీదేటి?"

"మరి తెలిసీ పిల్లని ఇదే కారెక్కించావా?"

"నీకూ తెలుసు, నువ్వు సెప్పనేదు. కారు పాడైనాదని మాత్రం సెప్పినావు. నాను బొత్తాం నొక్కితే స్టార్టయిపోనాది. ఇంక నానేటి సెయ్యాల? వేరే కారు తెస్తే మా ఇంటిది ఎందుకూ అంటాది. ఎందుకో సెప్తే ఆ ముసలాయన్ని ఊర్లోకి రానిచ్చినందుకు ఊరంతా పంచాయితీ." మెల్లగా అన్నాడు, "ఇప్పుడు మా ఇంటిది ఎవుర్నోకర్ని అనాల. అనకపోతే పిచ్చెక్కిపోతాది దానికి. నిన్నంటే నువ్వూరుకోవు. పిన్నయితే తిరిగి అనదు."

"దిగు" అన్నాను. నడిరోడ్డు మీద ఆపి, "దిగు ముందు!" అని అరిచాను. దిగాడు పాపం, మారు మాట్లాడకుండా. నేను ఒక్కదాన్నీ వచ్చేశాను. ఇల్లు చేరాక గాని నాకు తెలిసిరాలేదు, అన్నయ్య చెప్పింది వాళ్ళ గురించి మాత్రమే కాదు. పిన్ని తిరిగి అనని మనిషని నేను కూడా లెక్కేసుకునే ఊరుకున్నాను.

ఈ ఏడాది ఆ పిల్ల మళ్ళీ నెల తప్పింది. ఈసారి నిలిచింది. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నారు. నా కారులోనే. మళ్ళీ వారం నుంచి విజయనగరంలో డాక్టరమ్మ దగ్గరికి పరీక్షలకి తీసుకెళ్ళడం కూడా నా కారులోనే అని వదిన తీర్మానించేసింది. నేనిక ఉండబట్టలేకపోయాను. సాయంత్రం పిన్ని ఇంటికెళ్ళాను.

"పిన్నీ, నేను చెప్పేస్తాను. ఉన్నది ఉన్నట్టు వదినకి చెప్పేస్తాను. ఎన్నాళ్ళు పడతావు నువ్వు?" అని ఏడ్చేశాను.

పిన్ని చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "ఏటి సెప్తావు? ఆ గుంట ఏడో నెల కడుపుతో ఉన్నాది. నువ్వు కూకున్నకాడే ఓ మనిషి పోనాడే అని సెప్తావా దానికి? మరి దానికి నిద్దరడతాదా? కడుపులోది కదిలినా బయమే, కదలకపోయినా బయమే."

"మరి నిన్ననే మాటలు?"

"అననీ. నా సూపుకైతే తలుపున్నాది, ఏసుకుంటాను. ఆ గుంట బయానికి తలుపెక్కడున్నాది?"

పిన్ని చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి, "నాకొక్క పని సేసి పెట్టమ్మా" అంది. "నీ కారు సప్పుడు సెయ్యదు. తీసినట్టే తెలీడం నేదు నాకు. మొన్న ఆ గుంటని దింపినప్పుడు నాను అరుగు మీదే ఉండిపోనాను. లెగిసి లోపలికెళ్ళేసరికి వాళ్ళమ్మ సూసేసింది. ఇంక పిల్ల ఎక్కేముందు ఓసారి హారను కొట్టు. నాను తలుపేసుకుంటాను."

"నా చేత ఆ పని చేయించకు పిన్నీ."

"మరెవులు సేస్తారు?" అంది పిన్ని.

సోమవారం పొద్దున్న కారు వెనక్కి తెచ్చి పిన్ని గుమ్మం ఎదురుగా నిలబెట్టాను. పిన్ని అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది, కారు సంగతి తెలియలేదు. వదిన కూతుర్ని నడిపించుకొస్తోంది. ఆ పిల్ల ఎదురింటి వైపు చూసి, "టీచర్, మామ్మ సిక్కిపోయింది కదా. ఓసారి పలకరించొస్తాను" అంది. వదిన దాని చెయ్యి గట్టిగా పట్టుకుని నా వైపు చూసింది.

ఆ పిల్లని వెళ్ళనిస్తే చాలు. నేను ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు. పది అడుగులు వేసి, పిన్ని పక్కన కూర్చుని, మామ్మా అని పిలుస్తుంది. ఆ తర్వాత, భగవంతుడా, ఏదైనా జరిగితే? ఈసారి కూడా ఏదైనా జరిగితే పిన్నిని ఈ వీధిలో బతకనిస్తారా? నాకు నమ్మకం లేదు లేదంటూనే ఆ మాట అనుకున్నాను.

హారను కొట్టాను. పిన్ని ఉలిక్కిపడి చూసింది. చేట పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని లేచి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

"మంచి పని సేసినావు వదినా" అంది మా వదిన, కూతుర్ని కారెక్కిస్తూ.